చిరునామా మారిన అర్జీ

శ్రీనాథుడి చివరి రోజుల గురించి చాటుపద్యాలు చెప్పే కథ ఇది. కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లె గుత్తకు తీసుకున్నాడు. వరద వచ్చి పైరు కొట్టుకుపోయింది. మిగిలిన నువ్వులూ పెసలూ పిట్టల పాలయ్యాయి. గుత్త సొమ్ము ఏడు వందల టంకాలు ఎలా కట్టాలో తోచలేదు. ప్రౌఢదేవరాయల కొలువులో డిండిమభట్టును ఓడించి కనకాభిషేకం పొందినవాడు కాళ్లకు సంకెళ్లతో, భుజాన బండరాయితో నడివీధి ఎండలో నిలబడ్డాడు. ఇది చరిత్రా, కల్పనా అన్నది పండితులు తేల్చుకోవలసిన సంగతి. నాకు ఆసక్తి కలిగించేది ఆ పద్యాల్లో ఆయన ఎవరిని తలుచుకున్నాడన్నది. వీరభద్రారెడ్డి పోయాడు, ఇక రత్నాంబరాలిచ్చేదెవరు? తెలుంగురాయడు పోయాడు, ఇక కస్తూరి ఎవరిని అడగాలి? విస్సన మంత్రి పోయాడు, బంగారు పళ్లెంలో భోజనం ఎవరి పంక్తిలో? మైలారు ప్రభువూ పోయాడు, రోజువారీ ఖర్చు ఎవరు చూస్తారు? ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుని, కలికాలంలో బతకడం కష్టమని తేల్చుకున్నాడు.

అప్పటికైనా దేవుణ్ణి తలుచుకున్నాడా అంటే, తన పద్ధతిలో తలుచుకున్నాడు. అమరపురికి వెళుతున్నానన్నాడు, తాను వస్తున్నానని తెలిసి అక్కడి దేవతల గురువు గుండె ఝల్లుమంటోందన్నాడు. హరవిలాసం, భీమఖండం, కాశీఖండం రాసిన శైవుడు చివరి ఘడియలో స్వర్గాన్ని ఊహించుకున్నది ఇంకో కొలువుగానే. అక్కడా ఓడించడానికి ఒక ఆస్థాన పండితుడు ఉంటాడు. భూమ్మీది రాజులు పోయారు కాబట్టి పైనున్న రాజు దగ్గరికి ప్రయాణం.

మనుషుల మీద ఆశ తెగినప్పుడు దేవుణ్ణి ఆశ్రయించడం అన్న మాట వినగానే వైరాగ్యం గుర్తొస్తుంది. కోరికలు చల్లారి, కళ్లు మూసుకుని కూర్చున్న మనిషి గుర్తొస్తాడు. తెలుగు సాహిత్యం ఆనవాలు పట్టి నడిస్తే కనిపించేది వేరు. మనవాళ్లు మనుషులను వదిలి దేవుడి దగ్గరికి వెళ్లినప్పుడు ఆశను వదిలి వెళ్లలేదు. చేతిలోని అర్జీని చింపలేదు, పైన చిరునామా మాత్రం మార్చారు. దొరతో ఎలా మాట్లాడేవారో దేవుడితోనూ అలాగే మాట్లాడారు. బతిమాలారు, చేసిన సేవ గుర్తుచేశారు, బాకీ అడిగారు, ఆలస్యమైతే తిట్టారు.

మొదట్లో ఈ గొడవే లేదు. పదకొండో శతాబ్దిలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు అడిగాడు, నన్నయ భారతం మొదలుపెట్టాడు. రాజు అడగడం, కవి రాయడం, పేరు ఇద్దరికీ రావడం. పదమూడో శతాబ్దిలో నెల్లూరి తిక్కన దగ్గర మొదటి మలుపు కనిపిస్తుంది. నిర్వచనోత్తర రామాయణాన్ని తన ఏలిక మనుమసిద్ధికి ఇచ్చినవాడు, భారతాన్ని మాత్రం హరిహరనాథుడికి ఇచ్చాడు. మనుమసిద్ధి మీద ఆయనకు అలక ఉన్నట్టు ఎక్కడా లేదు. పైగా ఆ రాజు కష్టాల్లో పడితే ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుడి సాయం తెచ్చింది తిక్కనేనంటారు. అయితే అంకితం కథ చూడండి. కలలో తండ్రి కొమ్మన కనబడి స్వామి మాట చేరవేశాడు. తరవాత హరిహరనాథుడే ప్రత్యక్షమై కృతి తనకిమ్మన్నాడు. నన్నయను రాజు ఎలా అడిగాడో తిక్కనను దేవుడు అలా అడిగాడు. మర్యాదంతా కొలువుదే, సింహాసనం మీద కూర్చున్నవాడే మారాడు.

ఆ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు ఈ మర్యాదను పక్కనపెట్టాడు. ఆయన బసవపురాణంలో భక్తులు దేవుణ్ణి అడగరు, ఆజ్ఞాపిస్తారు. గొడగూచి కథ చాలు. తండ్రి ఊరికి వెళుతూ శివుడికి రోజూ పాలు పెట్టమని చిన్నపిల్లకు అప్పగించాడు. పిల్ల పాలు పట్టుకెళ్లింది. లింగం తాగలేదు. దేవుడు తాగడని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు పాపం. బతిమాలింది, ఏడ్చింది, చచ్చిపోతానని బెదిరించింది. శివుడికి తాగక తప్పలేదు. కన్నడదేశపు భక్తుల కథలను జాను తెనుగు ద్విపదలో పెట్టిన ఈ పుస్తకంలో రాజుకి పెద్దగా పని లేదు. శివభక్తుడికి సాటి శివభక్తుడే చుట్టం, మిగిలినవాడు భవి. మనుషుల మీద ఆశ పెట్టుకుని భంగపడ్డవాళ్లు కారు వీళ్లు. ఆ గుమ్మమే ఎక్కనివాళ్లు.

సోమనాథుడి పాలకుర్తికి దగ్గర్లోనే బమ్మెర ఉంది. పోతన మావాడంటే మావాడని బమ్మెరకూ ఒంటిమిట్టకూ మధ్య సాగిన వాదులాట ఆయన వింటే నవ్వుకునేవాడేమో. ఎవరికీ చెందకూడదనే కదా ఆయన పట్టుదల. పదిహేనో శతాబ్దిలో భాగవతం తెనిగిస్తూ మొదట్లోనే తేల్చి చెప్పాడు. రాజాధములకు కృతులిచ్చి ఊళ్లూ వాహనాలూ సొమ్ములూ పుచ్చుకుని, చివరికి యముడి దెబ్బలు తినడం తనకు ఇష్టం లేదన్నాడు. రాచకొండ సింగభూపాలుడు భాగవతం తనకిమ్మని అడిగాడనీ, కాదంటే నేలలో పాతించాడనీ, చెదలు తినగా పోయిన భాగాలను గంగన, సింగన, నారయలు పూరించారనీ కథ. ఆ ముగ్గురి పూరణలు మాత్రం నిజం. భోగినీ దండకం కూడా పోతనదే అయితే, అది అదే సింగభూపాలుడి మీద రాసింది. అప్పుడు ఆ నిరసనకు ఇంకో అర్థం వస్తుంది. గుమ్మం ఎక్కి చూసి దిగివచ్చినవాడి మాట అవుతుంది.

మనుషుల మీది ఆశ తెగడం తెలుగువాళ్లకు గజేంద్రమోక్షం నేర్పినంతగా ఇంకేదీ నేర్పలేదు. అష్టమస్కంధంలో ఏనుగుల రాజు ఆడ ఏనుగుల మందతో మడుగులో దిగుతాడు. మొసలి కాలు పట్టుకుంటుంది. ఇక్కడ పోతన తొందరపడడు. ఏనుగు వెంటనే దేవుణ్ణి పిలవదు. ముందు తన బలాన్ని నమ్ముకుంటుంది. వెయ్యేళ్లు పెనుగులాడుతుంది. నీళ్లు మొసలికి పుట్టిల్లు, కాబట్టి దాని బలం పెరుగుతుంటే ఏనుగు బలం తరుగుతుంది. గట్టు మీది ఆడ ఏనుగులు వదిలిపోలేవు, దిగి లాగలేవు. అవి చెడ్డవి కావు, చేతకానివి. ఇది నాకు గొప్ప సంగతి అనిపిస్తుంది. మనుషులు మోసం చేస్తేనే ఆశ తెగదు, ప్రేమ ఉన్నా చేతకాకపోతేనూ తెగుతుంది.

అప్పుడు పిలిచిన పిలుపులోనూ అనుమానం దాచుకోలేదు. దీనుల దగ్గర ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అసలు ఉన్నాడా లేడా అని ఏనుగు నీళ్లలో నిలబడి సందేహిస్తుంది. భక్తికి మూలగ్రంథమనదగ్గ కావ్యంలో, భక్తి పతాకస్థాయి కనబడే ఘట్టంలో, ఇలాంటి సందేహానికి చోటిచ్చినందుకే పోతన మీద నాకు గురి. ఆ తరవాత ఊపిరి తగ్గి, ప్రాణాలు జారి, నువ్వు తప్ప ఎవరూ తెలియదని వదిలేస్తుంది. వైకుంఠంలో విష్ణువు లక్ష్మికి చెప్పకుండా, ఆయుధాలు సర్దుకోకుండా పరుగెత్తుకు రావడం అందరికీ నోటికొచ్చిన సంగతే. ఏ రాజూ అర్జీదారుడి కోసం అలా పరుగెత్తడు. పోతన సింగభూపాలుడికి చెప్పదలచిన జవాబు ఆ పరుగులో ఉందని నా ఊహ.

పోతన నాగలి పట్టాడంటారు. నిజమో కాదో గానీ ఈ మాటలో ఒక లెక్క ఉంది. రాజును కాదనాలంటే ఇంట్లో గింజలుండాలి. పొలం లేనివాడికి గుడి ఉండాలి. తాళ్లపాక అన్నమయ్య (1408–1503) కథ దీనికి సాక్ష్యం. మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన చరిత్ర ప్రకారం, పెనుకొండలో సాళువ నరసింహరాయలు స్వామి మీది శృంగార పదం విని మురిసిపోయి అలాంటిదే తన మీద ఒకటి చెప్పమన్నాడు. హరిని కొలిచిన నోటితో నరుణ్ణి పొగడనని అన్నమయ్య చెవులు మూసుకున్నాడు. రాయలు సంకెళ్లు వేయించాడు. పాట పాడితే సంకెళ్లు ఊడిపోయాయి. ఆ రాజు నిన్నటిదాకా స్నేహితుడు, గౌరవించి పిలిపించుకున్నవాడు. దెబ్బ అక్కడ తగిలింది. అన్నమయ్య అక్కణ్ణుంచి వెళ్లింది తిరుమలకు. అక్కడ ప్రసాదం ఉంది, సేవ ఉంది. తరవాతి తరంలో కొడుకు పెద తిరుమలయ్య కాలానికి తాళ్లపాకవారు కొండమీద దానాలు చేసేంతటివాళ్లయ్యారని శాసనాలు చెబుతాయి. పాటలు రాగిరేకుల మీదికెక్కి సంకీర్తన భాండారంలో భద్రంగా నిలిచాయి. రాజును కాదని దేవుణ్ణి పట్టుకున్నందుకు నష్టపోయిన కుటుంబం కాదది. దీన్ని ఎత్తిపొడుపుగా అనడం లేదు. దేవుడు ఒక పెద్ద సంస్థకు యజమాని అయిన కాలంలో దేవుణ్ణి నమ్ముకోవడమంటే గాలిలో దీపం పెట్టడం కాదని మాత్రమే అంటున్నాను.

శ్రీకృష్ణదేవరాయల (1509–1529) కాలంలో ఆస్థానం వెలుగు పతాకస్థాయికి చేరింది. పెద్దనకు గండపెండేరం తొడిగారు, అగ్రహారాలిచ్చారు. అష్టదిగ్గజాల్లో ఒకడని సంప్రదాయం చెప్పే ధూర్జటి ఆ వెలుగులో ఉండి కూడా కాళహస్తీశ్వర మాహాత్మ్యాన్నీ, శతకాన్నీ శివుడికే ఇచ్చాడు. శతకంలో రాజుల మీద కక్కిన విషం మామూలుది కాదు. వాళ్లది మదం, వాళ్ల సేవ నరకం అన్నాడు. పోతన రాజును దూరం నుంచి కాదన్నాడు, ధూర్జటి లోపల్నుంచి అన్నాడు. అందుకే ఆ కోపంలో సగం తన మీదే. ఇంతకాలం వాళ్ల వాకిళ్ల ముందు ఎందుకు నిలబడ్డానన్న సిగ్గు ఆ పద్యాల నిండా ఉంది.

కాళహస్తి మాహాత్మ్యంలోని నత్కీరుడి కథ మాత్రం ఈ విషయానికి ఇంకో ముఖం చూపిస్తుంది. మధురలో కరువొచ్చింది. శివుడి పూజారికి తిండి లేదు, ఊరు విడిచిపోతానన్నాడు. శివుడు ఏం చేయాలి? బియ్యం బస్తా సృష్టించవచ్చు. అలా చేయలేదు. ఒక పద్యం రాసిచ్చి, పాండ్యరాజుకు వినిపించి బహుమానం తెచ్చుకోమన్నాడు. దేవుణ్ణి నమ్ముకున్నవాణ్ణి దేవుడే మళ్లీ రాజు దగ్గరికి పంపాడు! సభలోని కవి నత్కీరుడు ఆ పద్యాన్ని తప్పుపట్టాడు. స్త్రీల జుట్టుకు సహజంగా వాసన ఉండదన్నాడు. శివుడు స్వయంగా వచ్చి వాదించినా తగ్గలేదు. కుష్టు రమ్మని శాపం పెడితే, చివరికి కాళహస్తిలో బాగుపడ్డాడు. రాజులను అంత తిట్టిన కవి ఈ కథను ఎంత ఇష్టంగా చెప్పాడో చదివితే తెలుస్తుంది. పూజారి కడుపు నిండాలంటే రాజు చేతి సంచీ కావాలని ధూర్జటికి తెలుసు. ఆ తెలివిడి వల్లే రాజుల మీద అంత మంట.

1565లో తళ్లికోట యుద్ధంతో విజయనగరం కూలింది. ఆ తరవాతి శతాబ్దంలో ఈ అర్జీ రాసినవాడు కవి కాదు, ఉద్యోగి. రామదాసుగా పేరుపడ్డ కంచెర్ల గోపన్న నేలకొండపల్లివాడు. గోల్కొండ ప్రభుత్వం కింద పాల్వంచ పరగణాకు తహసీల్దారు. తానాషా (1672–1686) కొలువులో చక్రం తిప్పిన అక్కన్న మాదన్నలు ఆయనకు మేనమామలని చెబుతారు. అంటే మనుషుల అండ పుష్కలంగా ఉన్నవాడు. శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడు, నగలు చేయించాడు. ఆ సొమ్ము ఆరు లక్షల వరహాలన్నది సంప్రదాయం. ప్రజలే ఇష్టపడి ఇచ్చారనే కథనమూ ఉంది. ఖజానా వైపు నుంచి చూస్తే మాత్రం వసూలై జమకాని బాకీ. గోల్కొండ కోటలో బంధించారు. పన్నెండేళ్లన్నది జనం చెప్పుకునే లెక్క. ఆ చెరసాల ఇదేనని ఇప్పటికీ చూపిస్తారు. అంతటి మేనమామలుండీ విడిపించలేకపోయారు.

గోపన్న అక్కడినుంచి పాడిన పాటల్లో మొదటి గుణం ఆయన ఉద్యోగమే. రాముడికి లెక్క అప్పజెప్పాడు. గోపురానికి ఎంత, ప్రాకారానికి ఎంత, సీతమ్మకు చేయించిన నగకు ఎంత, భరతుడి పతకానికి ఎంత. ఆపైన, ఇవన్నీ పెట్టుకుని కులుకుతున్నావే, ఎవరి సొమ్మనుకున్నావని నిలదీశాడు. నీ తండ్రి చేయించాడా, నీ మామ పంపాడా అని అడిగేదాకా వెళ్లాడు. ఎవరి ఖజానాకు లెక్క చెప్పలేక జైల్లో పడ్డాడో ఆ లెక్కనే దేవుడి ముందు పరిచాడు. నా దృష్టిలో తెలుగు భక్తిలో ఇంతకన్న నిజాయితీ ఉన్న ఘట్టం లేదు. వెంటనే అదే పాటలో సర్దుకున్నాడు. తిట్టానని నొచ్చుకోకు, దెబ్బలకు ఓర్చుకోలేక అన్నాను అని. ఆ పక్కనే ఇంకొక ఎత్తు. నేరుగా అడిగితే పలకడం లేదని, అయ్యగారికి కాస్త చెప్పమ్మా అని సీతమ్మను వేడుకున్నాడు. అమ్మగారి సిఫారసు! కచేరీలో పని చేసినవాడికి ఏ దారిన వెళితే కాగితం కదులుతుందో తెలియకుండా ఉంటుందా.

కథ ముగింపు కూడా కచేరీ పద్ధతిలోనే ఉంటుంది. రాముడూ లక్ష్మణుడూ రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో వచ్చి తానాషాకు సొమ్ము లెక్కపెట్టి ఇచ్చి రసీదు తీసుకున్నారట. గోడలు కూల్చలేదు, సైన్యాన్ని చంపలేదు, బాకీ తీర్చారు. ఆనాటి నుంచి రామనవమి కల్యాణానికి గోల్కొండ ప్రభువు ముత్యాల తలంబ్రాలు పంపాడనీ, అదే ఆనవాయితీ నిజాముల మీదుగా వచ్చిందనీ చెబుతారు. ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం పంపుతోంది.

రామదాసు ధైర్యం తరవాతివాళ్లకు బాగా పనికొచ్చింది. పద్దెనిమిదో శతాబ్ది తెలుగునాట దండయాత్రలు, దోపిడీలు, ఫౌజుదార్ల ఒత్తిడి, జమీందార్ల కొట్లాటలు. దేవుడి గుళ్లకే దిక్కులేని కాలం. ఆ కాలంలో శతకాల్లో తిట్టు ఒక ప్రక్రియగా స్థిరపడింది. సింహాచలం మీదికి తురక సేనలు వస్తుంటే గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నారసింహ శతకంలో స్వామిని చెడామడా దులిపాడు. పలకవేం, భయపడ్డావా, ఆ గోళ్లూ కోరలూ ఎందుకని. తుమ్మెదలు లేచి సేనను తరిమాయని కథ. కృష్ణాతీరపు శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు గుడి పాడుబడితే కాసుల పురుషోత్తమకవి నవ్వుతూ వాత పెట్టాడు. బరువు మోసేది నీ భార్య భూదేవి, సంపదలిచ్చేది లక్ష్మి, పుట్టించేది నీ కొడుకు, పాపాలు కడిగేది నీ కూతురు గంగ, పేరు మాత్రం నీకా అన్నాడు. చల్లపల్లి జమీందారు అది విని గుడిలో పూజలు తిరిగి నడిచేలా ఏర్పాటు చేశాడంటారు. అర్జీ దేవుడి పేరున, అందుకున్నది జమీందారు.

ఇదంతా మగవాళ్ల గోడు, కొలువుల గోడు. తరిగొండ వెంగమాంబ (1730–1817) ఆశ పెట్టుకున్నది ఇంట్లోవాళ్ల మీద, ఊరివాళ్ల మీద. చిన్నతనంలోనే భర్త పోయాడు. తల గొరిగించుకోనంది, బొట్టూ పూలూ తీయనంది. తన భర్త వేంకటేశ్వరుడంది. ఊరు ఊరుకోలేదు. పీఠాధిపతి దాకా పంచాయితీ వెళ్లిందనీ, గుడిలోనూ వేధించారనీ ఆమె కథ చెబుతుంది. ఆమె తిరుమల చేరి అక్కడే ఉండిపోయి వేంకటాచల మాహాత్మ్యం రాసింది. ఇప్పటికీ రాత్రి ఏకాంతసేవలో ఆమె పేరున ముత్యాల హారతి ఇస్తారు. పోతనకు దేవుడు అంకితం పుచ్చుకునే ప్రభువు, గోపన్నకు బాకీదారు. వెంగమాంబకు మాత్రం దేవుడు రక్షణ కవచం. పెళ్లయిన మనిషిని వితంతువనడం ఎలా అని ఊరి నోరు మూయించే వాదన కూడా. ఆ వాదన ఎంత పదునైనదో ఆ రోజుల్లో ఆడదానిగా బతికినవాళ్లకే పూర్తిగా తెలుస్తుంది.

త్యాగరాజు (1767–1847) దగ్గరికి వచ్చేసరికి ఈ పరంపర తన చరిత్ర తనకు తెలిసిన స్థితికి చేరింది. పూర్వీకులది కాకర్ల, ఆయనుండేది కావేరి ఒడ్డు తిరువయ్యారులో. తంజావూరు శరభోజి పిలిస్తే వెళ్లలేదు, నిధి కన్నా రాముడి సన్నిధి మేలన్నాడు. వచ్చే భాగ్యాన్ని కాలదన్నాడని అన్నకు ఒళ్లు మండి పూజావిగ్రహాలను కావేరిలో పారేశాడంటారు. ఉంఛవృత్తితో, అంటే వీధుల్లో పాడుతూ వెళితే ఇళ్లవాళ్లు వేసిన గింజలతో ఇల్లు నడిచింది. రాజును కాదన్నవాణ్ణి దేవుడి పేరు మీద పోషించింది తిరువయ్యారు గృహిణులు. వాళ్ల పేర్లు ఏ కీర్తనలోనూ లేవు. ఆయన దేవగాంధారి కీర్తన ఒకటుంది, క్షీరసాగర శయన. అందులో ఏనుగును కాచిన సంగతి విన్నాను, ద్రౌపదికి చీరలిచ్చిన సంగతి విన్నాను, రామదాసు బంధం విడిపించిన సంగతి విన్నాను అని వరస పెడతాడు. ప్లీడరు పాత తీర్పులు చూపించినట్టే ఉంటుంది. పురాణాల పక్కన, నూరేళ్ల పైచిలుకు కిందటి పాల్వంచ తహసీల్దారు వచ్చి కూర్చున్నాడు. ఇరవయ్యో శతాబ్దిలో సినీనటుడు నాగయ్య పోతనగా, త్యాగయ్యగా, వేమనగా వేసి, చివరికి 1964లో రామదాసును తీసి, ఈ మనుషులందరికీ ఒకే ముఖం ఇచ్చాడు. తెలుగువాళ్ల ఊహలో రాజును కాదన్న ప్రతివాడూ నాగయ్యలాగే కన్నీళ్లు పెట్టుకుంటాడు. ధూర్జటి, గోపన్న ఎంత తిట్టగలరో ఆ కన్నీళ్ల చాటున మరుగునపడింది.

ఇక్కడికి ఇంకొక పాయ వచ్చి కలుస్తుంది. నెల్లూరులో 1840 నుంచి అమెరికా బాప్టిస్టుల మిషన్ ఉండేది. ఏళ్లు గడిచినా చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతే. ఖర్చు దండగని, మూసేద్దామని స్వదేశంలోని బోర్డు మళ్లీ మళ్లీ చర్చించింది. 1853లోనూ ఆ మాట వచ్చింది. పంపినవాళ్లే చేయి వదిలేలా ఉన్నారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జూవెట్, భార్య, జూలియా అనే తెలుగు బోధకురాలు, ఇంకో ఇద్దరు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. ఈ ఊరికి మనిషిని పంపమని కోరిక. 1866లో జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. కానీ ఆ ప్రార్థనకు నిజమైన జవాబు అమెరికా నుంచి రాలేదు. తోళ్ల వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద తిరిగి తిరిగి తన జనానికి క్రీస్తు గురించి చెప్పాడు. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలవలో ఒక భాగం తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

ఊరి పెద్దల మీద, కరణం మీద, కామందు మీద ఆశ పెట్టుకోవడానికి ఆ 2,222 మందికి ఎన్నడూ కారణం దొరకలేదు. శ్రీనాథుడికి చచ్చిపోయిన పోషకుల జాబితా ఉంది. వీళ్లకు ఆ జాబితాయే లేదు. అంతకన్నా ముఖ్యమైన తేడా ఇంకొకటి. పోతన నుంచి త్యాగరాజు దాకా దేవుడి ముందు నిలబడి మాట్లాడగలిగారు. తిట్టినా గుడిలో నిలబడే తిట్టారు. వీళ్లకు గుడి గుమ్మమే లేదు. దిక్కులేనివాడికి దేవుడే దిక్కన్న సామెత ఊరంతా వాడుకునేది, వాడ దాకా మాత్రం వెళ్లేది కాదు.

వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా 1941లో గబ్బిలం రాసింది ఈ చోటు నుంచి. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది. జాషువా కథానాయకుడు అస్పృశ్యుడు, ఆకలిగొన్నవాడు. తన గోడు కాశీ విశ్వనాథుడికి చేరవేయమని గబ్బిలాన్ని అడుగుతాడు. గబ్బిలమే ఎందుకంటే అది శివాలయంలో తలకిందులుగా వేలాడుతుంది. మనిషి వెళ్లలేని గర్భగుడిలోకి వెళుతుంది, దేవుడి చెవి పక్కనే ఉంటుంది. ఒక జాగ్రత్త కూడా చెబుతాడు. పూజారి లేని వేళ చూసి చెప్పు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరందరూ నవ్వుకుంటూ అనే సామెత ఈ మనిషి విషయంలో నవ్వులాట కాదు. శతాబ్దాలుగా తెలుగు కవులు మనుషులు కాదంటే దేవుడున్నాడని రాసుకుంటూ వస్తున్న దారిలో, దేవుడి దగ్గరికి వెళ్లే దారినే మనుషులు మూశారని ఇంత సూటిగా చెప్పినవాడు జాషువాకు ముందు నాకు కనబడలేదు. ఆయన క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. అయినా తన కథానాయకుడి ఉత్తరాన్ని రాసింది శివుడి పేరున. తలుపు మూసింది ఎక్కడో అక్కడికే రాయాలి కాబట్టి.

గబ్బిలం రావడానికి రెండేళ్ల ముందు, 1939లో, మద్రాసు ప్రభుత్వం ఒక చట్టం చేసింది. అస్పృశ్యులకు ఆలయాలు తెరిచిన ధర్మకర్తలకూ అధికారులకూ దాంతో రక్షణ దొరికింది. అయితే అది తెరిచినవాళ్లను కాపాడేదే గానీ, తెరవనివాళ్ల చేత తెరిపించేది కాదు. 1947లో ఇంకో చట్టం వచ్చింది. గుడిలో అడుగుపెట్టడం ఆ మనిషి హక్కయింది, అడ్డుకోవడం నేరమైంది. ఆ చట్టం మీద సంతకాలన్నీ మనుషులవే.